మెట్లు దిగిన టెలిఫోన్ బోర్డు

ఆసుపత్రిలో ఎలక్ట్రీషియన్ ఉద్యోగం ఎలాంటిదో ముందు చెప్తాను. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఆ మనిషి ఒకడున్నాడని ఎవరికీ గుర్తుండదు. ఆగిందా, స్వీపరు నుంచి సూపరింటెండెంటు దాకా అందరిదీ ఒకటే కేక: "భాయ్ యాడ? భాయ్ యాడికి పోయినాడు?" నేను ఎక్కడికీ పోను. నిచ్చెన మీదే ఉంటాను. వాళ్లే తలెత్తి చూడరు.

అనంతపురం జిల్లాలో ఒక ఊరి సర్కారు ఆసుపత్రిలో నా సర్వీసంతా గడిచింది. ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లు అసలే చెప్పను. చాలామంది ఇంకా బజార్లో ఎదురుపడుతుంటారు. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నన్ను చూస్తే, "భాయ్, మీ సర్వీసులో మరిచిపోలేనిది ఒకటి చెప్పండి" అంటారు. ఆపరేషన్ సగంలో ఉండగా కరెంటు పోయిన కథ చెప్తానని ఆశ పడతారు. అలాంటివీ ఉన్నాయి, కాదనను. కానీ నేను చెప్పేది ఒక టెలిఫోన్ బోర్డును మేడ మీద నుంచి కిందికి దించిన సంగతి. ఇంతేనా అని మొహం ముడుచుకోకండి, చివరిదాకా వినండి.

మీరంతా సెల్‌ఫోన్లు చేతబట్టుకుని తిరిగేవాళ్లు, మీకు కొంచెం చెప్పాలి. నేను చెప్పేది తొంభైల చివరి మాట. బయటి నుంచి ఆసుపత్రికి ఎవరు ఫోన్ చేసినా ముందు ఒక బోర్డు దగ్గర మోగేది. అక్కడ కూర్చున్న ఆపరేటరు ఎత్తి, ఎవరు కావాలో కనుక్కుని, తీగ గుచ్చి ఆ వార్డుకు కలపాలి. ఇంటి దగ్గరున్న డాక్టరును పిలిపించాలన్నా, అంబులెన్సుకు కబురు పెట్టాలన్నా దారి అదే. ఆ బోర్డేమో మేడ మీద, సూపరింటెండెంటు గది పక్కన ఉండేది. ఎప్పుడో ఒక పెద్దసారు ఫోను తన పక్కనే ఉండాలన్నాడట. ఆయన బదిలీ అయిపోయాడు, రిటైరయ్యాడు, కాలం చేశాడు కూడా. బోర్డు మాత్రం ఆయన మాట జవదాటకుండా అక్కడే కూర్చుంది.

ఆ బోర్డుకు ఆపరేటరుగా వికలాంగుల కోటాలో ఒక అమ్మాయిని ఎంపిక చేసి పంపారు. ముదిగుబ్బ పక్క పల్లె. గొర్రెలు కాసుకునే ఇల్లు. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. చేత్తో తిప్పే మూడు చక్రాల బండిలో వచ్చి వరండా ముందు ఆగింది. చేతులకు రబ్బరు చెప్పులు తొడుక్కుని నేల మీదికి దిగింది. నేను అప్పుడు మెట్ల దగ్గర ట్యూబులైటు మారుస్తున్నాను. మా ఆసుపత్రిలో తలెత్తి నన్ను చూసిన మొదటి మనిషి ఆ అమ్మాయే.

"అన్నా, టెలిఫోన్ బోర్డు యాడుండాది?"

"పైన పాపా."

సంతలో ఎద్దును చూసినట్టు ఆ మెట్లను కింద నుంచి పైదాకా చూసింది.

"ఇంగో దోవ లేదా?"

"లేదు పాపా."

"సరే అయితే" అని వెనక్కి తిరిగి మొదటి మెట్టు మీద కూర్చుంది. రెండు చేతులూ ఆనించి ఒళ్లు పైకి లేపి రెండో మెట్టు మీద. మళ్లీ మూడో మెట్టు మీద. అప్పుడే ఫినాయిలు నీళ్లతో కడిగారు, మెట్లన్నీ తడి. వచ్చేపోయే జనం ఆగి చూస్తున్నారు. నేను నిచ్చెన మీద బొమ్మలాగా నిలబడిపోయాను. పైకి చేరాక చీర కుచ్చిళ్లు పిండుకుని, కొంగు సర్దుకుని, అక్కడున్న అటెండరును అడిగింది: "ఆపరేటరు సీటు ఏదప్పా?"

పని మాత్రం ఏం పనిమంతురాలు! వారం తిరక్కుండానే గొంతు వినగానే ఏ డాక్టరో చెప్పేసేది. ఒకసారి నేను పైన ప్లగ్గు బాగుచేస్తుంటే కొత్తచెరువు నుంచి ఎవరో ఫోను. భార్యకు నొప్పులు మొదలయ్యాయట, ఏడుపు తప్ప మాట రావడం లేదు. "అన్నా, ఏడ్చేది తర్వాత. ముందు ఊరు చెప్పు. రోడ్డు పక్కన ఏమి కనపడతాది చెప్పు. అంబులెన్సు బయలుదేర్తాది, నువ్వు తెల్లగుడ్డ పట్టుకొని రోడ్డు మీద నిలబడు" అంది. ఒక చేత్తో డ్రైవరును పిలుస్తూనే ఇంకో చేత్తో ప్రసూతి వార్డుకు కలిపింది. నాకు ఆ ప్లగ్గు సంగతే గుర్తు లేకుండా పోయింది.

అయితే ఆ అమ్మాయి రోజూ అలా మెట్లెక్కడం చూడలేక మా పెద్ద సిస్టరమ్మ ఒక ఏర్పాటు చేసింది. వెన్నలాంటి మనసు ఆమెది. ఒక చెక్క కుర్చీ తెప్పించి, స్ట్రెచర్లు మోసే ఇద్దరిని పిలిచి, పొద్దున ఎక్కించండి, డ్యూటీ అయ్యాక దించండి అని చెప్పింది. ఆసుపత్రి అంతా మురిసిపోయింది. మా అంత మంచివాళ్లు జిల్లాలోనే లేరని అనుకున్నాం. నేనైతే ఆ కుర్చీకి చేతులు ఆనించుకోవడానికి పట్టీలు కూడా బిగించి ఇచ్చాను.

"ఏం పాపా, మహారాణి మాదిరి పోతాండావే!" అని మోసేవాళ్లలో ఒకతను నవ్వించబోయాడు.

"మహారాణి అయితే ఎప్పుడు దిగల్లో తనే చెప్తాదన్నా" అంది ఆ అమ్మాయి. నవ్వుతూనే అంది. కానీ మోసినంతసేపూ ఎవరి మొహమూ చూడకుండా గోడనే చూసేది.

ఎండలు ముదిరాయి. మా జిల్లా ఎండల గురించి వేరే చెప్పక్కర్లేదు, తారు కరిగి చెప్పులకు అంటుకునేది. అందరూ చెంబులకు చెంబులు నీళ్లు తాగుతుంటే ఈ అమ్మాయి పక్కనున్న సీసా మూత కూడా తీయదు. ఎందుకని ఎవరూ అడగలేదు. మేడ మీద ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. ఉన్నదంతా కిందే. మిగతా ఆడవాళ్లు టపటపా దిగి వచ్చేస్తారు. ఈమె దిగాలంటే ఇద్దరు మగవాళ్లను పిలవాలి, ఎందుకో చెప్పాలి, మళ్లీ ఎక్కించుకోవాలి. అందుకని పొద్దున లేచినప్పటి నుంచి ఇల్లు చేరేదాకా గొంతు తడుపుకోకుండా ఉద్యోగం చేసింది. ఇది ఆసుపత్రి మరి! రోజూ చెంబుల కొద్దీ నీళ్లు తాగమని రోగులకు చెప్పే చోటు.

ఒక మధ్యాహ్నం ఘాట్ రోడ్డులో లారీ బోల్తాపడి కూలీలను తీసుకొచ్చారు. స్ట్రెచరు వాళ్లిద్దరికీ ఊపిరి సలపలేదు. ఇక్కడ పైన ఈమె డ్యూటీ అయిపోయింది, సాయంత్రం ఆపరేటరు వచ్చి సీట్లో కూర్చున్నాడు. ఈమెను కుర్చీతో సహా పై వరండాలోకి జరిపారు. ఆ వరండాకు పడమటి ఎండ సూటిగా కొడుతుంది. నేను ఫ్యూజు చూడటానికి పైకి వెళ్తే గోడకు తల ఆనించి కూర్చుని ఉంది. పెదాలు పిడచగట్టుకుపోయాయి.

"పాపా, ఇంకా ఈడనే ఉండావా? కేక వేయకూడదా?"

"కింద మనుషులు ప్రాణాలతో కొట్లాడతాండారన్నా. వాళ్లను ఇడిసిపెట్టి నన్ను దించండని ఎట్ల అరిచేది?" అంది. అంటూనే పక్కకు ఒరిగిపోయింది. ఒళ్లు పట్టుకుంటే పెనం లాగా కాలిపోతోంది.

కిందికి మోసుకొచ్చి ఆడవాళ్ల వార్డులో పడుకోబెట్టాం. సెలైను ఎక్కించారు. మూత్రంలో చీము పడి అది కిడ్నీల దాకా పాకిందని డాక్టరమ్మ చెప్పింది. "నీళ్లు తాగవా నువ్వు? ఆసుపత్రిలో పనిచేస్తూ ఇదేం పిచ్చి?" అని కసిరింది. ఆ అమ్మాయి మొహం మీదికి కొంగు లాక్కుంది. పెద్ద సిస్టరమ్మకు అప్పుడు అర్థమైంది. "అయ్యో, కుర్చీ ఇచ్చినాం గానీ ఈ మాట ఒక్కరమూ అడగలేదే తల్లీ" అని మంచం పట్టె మీద కూర్చుని ఏడ్చింది.

మర్నాడు సూపరింటెండెంటు సారే వార్డుకు వచ్చాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ సులువుగా ఉండేది. మంచం పక్కన నిలబడి మెత్తగానే చెప్పాడు.

"చూడమ్మా, నిన్ను సెలెక్ట్ చేసినవాళ్లు మా మెట్లు చూడలేదు. ఈ ఉద్యోగం నీ ఆరోగ్యానికి సరిపడేది కాదు. ఈ పని చేయలేకపోతోందని నేను పైకి రాస్తాను. వేరే ఏదైనా చూస్తారులే."

వేరే ఏదీ చూడరని ఆయనకు తెలుసు, మాకు తెలుసు. ఇంకా ప్రొబేషను కూడా పూర్తికాలేదు. ఆ ఒక్క మాట రాస్తే ఆ అమ్మాయి తిరిగి పల్లెకు పోవడమే, జన్మలో మళ్లీ ఉద్యోగం మాట ఉండదు.

ఆమె నాయన అప్పటికే వచ్చి మంచం వెనక నిలబడి ఉన్నాడు. భుజాన గొంగడి, ఒంటికి ఇంకా గొర్రెల వాసన. సారు మాటలన్నీ విన్నాడు. చేతులు కట్టుకుని అన్నాడు:

"సామీ, ఈ బిడ్డను నేను బుజాన ఎత్తుకొని బడికి మోసినా. వానైనా, ఎండైనా, పదో తరగతి దాకా మోసినా. గొర్రెలను ఇడిసిపెట్టి మోసినా. ఎందుకు మోసినానంటే, రేపు ఎవురి చేతా ఎత్తించుకోకుండా బతకల్లని. మీరేమో మళ్లా కుర్చీలో పెట్టి మోస్తిరి. ఇప్పుడు మోయలేమంటాండారు. మోయమని మేము యాడ అడిగితిమి సామీ?"

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ముందు నయం కానీ, తర్వాత చూద్దాం" అని వెళ్లిపోయాడు. రాస్తాననలేదు, రాయననలేదు.

నయమై డ్యూటీకి వచ్చిన రోజు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. వరండా ముందు బండి ఆపి, చేతులకు చెప్పులు తొడుక్కుని మెట్ల దగ్గరికి వచ్చింది. స్ట్రెచరు వాళ్లు కుర్చీ తెచ్చారు.

"వద్దన్నా. ఈ పొద్దు నుంచి ఎక్కను" అని మొదటి మెట్టు పక్కన చాప పరుచుకుని కూర్చుంది. అటెండరు చేత హాజరు పట్టీ కిందికి తెప్పించుకుని సంతకం పెట్టింది. పక్కన నీళ్ల సీసా పెట్టుకుంది.

పైన బోర్డు మోగుతోంది. మోగుతూనే ఉంది. ఎవరో గుమాస్తాను కూర్చోబెట్టారు. ఆయనకు ఏ తీగ ఎక్కడ గుచ్చాలో తెలియదు. ప్రసూతి వార్డుకు వచ్చిన ఫోను వంటగదికి కలిపాడు. మా వంటాయన ఫోనెత్తి, "ఆడబిడ్డా మొగబిడ్డా నాకెట్ల తెలుస్తాదప్పా, నేను పప్పు ఎనుపుతాండా" అని కేకలు. ఒక డాక్టరు కలెక్టరాఫీసుతో మాట్లాడాలని అడిగితే లాండ్రీ పలికింది. కాసేపటికి సూపరింటెండెంటు సారే మెట్ల మీదికి వచ్చి నిలబడ్డాడు. మొహం ఎర్రగా ఉంది.

"ఏమ్మా, డ్యూటీకి రాకుండా ఇక్కడ కూర్చుని బెదిరిస్తున్నావా?"

"డ్యూటీకి వచ్చినా సార్. సంతకం గూడా పెట్టినా. బోర్డే ఇంకా డ్యూటీకి రాలేదు" అంది.

నిచ్చెన మీదున్న నాకు నవ్వు ఆగలేదు. పళ్ల మధ్య స్క్రూ పెట్టుకుని ఉన్నాను కాబట్టి బతికిపోయాను.

"హాస్యమా?" అన్నాడు సారు.

"కాదు సార్. కాళ్లు రావని తెలిసే కదా నాకు ఈ ఉద్యోగమిచ్చినారు. మాలాంటోళ్లకు పని చేసుకొనే వసతి చూపించల్లని చట్టం గూడా వచ్చిందంట, మా వికలాంగుల సంఘంలో చదివి చెప్పినారు. పైన నీళ్లు తాగకుండా పనిచేస్తే రోగం వచ్చె. కింద ఐతే ఎంతసేపన్నా చేస్తా." కొంచెం ఆగి, గొంతు పెంచకుండానే అంది: "నన్ను మోసేదానికి దినామూ ఇద్దరు మనుషులు కావల్ల సార్. బోర్డును మోసేదానికి ఒక తూరి చాలు."

నాకు దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు, రెండు చేతుల్లోనూ వైర్లున్నాయి. అక్కడ ఒక్క మనిషి చాప మీద కూర్చుని, ఏడవకుండా, ఎవర్నీ తిట్టకుండా, మా ఆసుపత్రి మొత్తానికి దారి చూపిస్తోంది. ఇంత ధైర్యం నేను ఏ ఆఫీసరులోనూ చూడలేదు.

పైన బోర్డు మళ్లీ మోగింది. సారు ఆ చప్పుడు విన్నాడు, మెట్లను చూశాడు, చివరికి తలెత్తి నన్ను చూశాడు. "ఏం భాయ్, దింపగలవా?"

"దింపుతా సార్. గది యాడ?"

అసలు బయటి తీగ కింది గోడ లోంచే వచ్చి, మెట్ల వెంబడి పైకి పాకింది. అందరి కళ్లకూ కనపడేదే. ఆ గోడ వెనక, మెట్ల కింద, ఒక గది ఉంది. దానికి ఎప్పుడూ తాళమే. స్టోర్‌కీపరును పిలిస్తే గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "సార్, సార్, ఆ గది తీయకూడదు. పాడైన సామాన్లుండాయి. పనికిరావని లెక్కల్లోంచి కొట్టేసే ఆర్డరు ఇంకా రాలేదు. ఒక్క మేకు కదిలిచ్చినా ఆడిట్లో నా ప్రాణం తీస్తారు."

"తీయప్పా ముందు" అన్నాడు సారు.

తలుపు తీశాం. లోపల ఏమున్నాయో తెలుసా? చక్రాల కుర్చీలు. ఒకదాని మీద ఒకటి, కప్పు దాకా. టైర్లు లేనివి కొన్ని, సీటు చిరిగినవి కొన్ని, ఏమీ కానివి కూడా కొన్ని. బూజు పట్టి, బల్లులు కాపురం పెట్టి. మా ఆసుపత్రికి వచ్చే ముసలివాళ్లను కొడుకులు భుజాన వేసుకుని తిరుగుతుంటే కుర్చీలేమో మెట్ల కింద నిద్రపోతున్నాయి. సారు ఆ అమ్మాయి వైపు చూడలేకపోయాడు.

"బాగుండేవి కడిగి వార్డుల్లో పెట్టండి" అన్నాడు మెల్లగా. "పాడైనవి?" అని స్టోర్‌కీపరు. "పైన గది ఖాళీ అవుతుంది కదా, అక్కడ పెట్టండి."

చెక్క కుర్చీలో ఆ అమ్మాయిని మోసిన ఇద్దరే ఆ కుర్చీలను మోశారు. "ఏం కాలమప్పా ఇది, చక్రాల కుర్చీలను మేడెక్కిస్తాండామే" అని ఒకతను రొప్పుతూ అంటే, చాప మీద నుంచి ఆ అమ్మాయి, "జాగ్రత్తన్నా, గోడనే చూస్తా పోకుండా మెట్లు గూడా చూడు" అంది. అందరం నవ్వాం. స్టోర్‌కీపరు కూడా నవ్వాడు, తర్వాత గుర్తొచ్చి ఆపేశాడు.

టెలిఫోను ఆఫీసు లైన్‌మెన్‌ను పిలిపించాం. నేనూ అతనూ కలిసి తీగలు దించి, బోర్డును ఆ అమ్మాయి చేతికి అందే ఎత్తులో బిగించాం. సాయంత్రానికి మోగింది. మొదటి ఫోను తనే ఎత్తింది. "నమస్కారం, ఆసుపత్రి. చెప్పండి." అవతల ఎవరో ఏదో అడిగారు, ఆమె కలిపింది. తర్వాత సీసా మూత తీసి, అందరి ఎదుటా గటగటా నీళ్లు తాగింది. సగం తాగి ఆగి, మళ్లీ తాగింది. పెద్ద సిస్టరమ్మ కళ్లు తుడుచుకుంటూ పక్కకు తిరిగింది. నేనూ తిరిగాను. నా కంట్లో దుమ్ము పడింది లెండి.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. ఆ అమ్మాయి అనుకోలేదు.

బోర్డు గది కిటికీ లోంచి చూస్తే మెట్ల మొదలు సూటిగా కనపడుతుంది. వికలాంగులకు సర్టిఫికెట్లు ఇచ్చే డాక్టర్లు కూర్చునేదేమో మేడ మీద. సర్టిఫికెట్లిచ్చే రోజొస్తే చాలు, మడకశిర నుంచి, కళ్యాణదుర్గం నుంచి, ఎక్కడెక్కడి నుంచో జనం. ఒకరు పాక్కుంటూ, ఒకరు అన్న భుజాన, ఒకరు తల్లి ఒడిలో, ఆ మెట్లు ఎక్కేవాళ్లు. ఏళ్ల తరబడి మా కళ్ల ముందే ఎక్కారు. మాకు అది మామూలే. ఈమె కాసేపు చూసింది. బోర్డు మీద ఒక తీగ గుచ్చింది.

"సార్, కింద మీ పేషెంట్లు వచ్చినారు. ఎక్కలేమని వచ్చినోళ్లను ఎక్కండంటే ఎట్ల సార్? మీరు దిగొస్తారా, నన్ను పైకి రమ్మంటారా?"

రావద్దనే అన్నారు, ఆమె పైకి వస్తే ఏమవుతుందో అప్పటికి అందరికీ తెలుసు. ఆ రోజు గొణుక్కుంటూనే దిగారు. తర్వాత వరండాలో బల్లలు వేశారు. మరి కొన్నాళ్లకు ఎముకల డాక్టరు గది కూడా కిందికే మారింది. వరండాకు చక్రాల బండి ఎక్కేటట్టు సిమెంటు వాలు కట్టారు. ప్రతిసారీ ముందు ఎవరో ఒకరు కుదరదనేవారు. ఆమె ఫోన్ చేసేది. కుదిరేది.

నేను రిటైరయ్యాను. సెల్‌ఫోన్లు వచ్చి ఆ బోర్డు మూలపడింది. దాన్ని కూడా మేడెక్కించారని విన్నాను, కుర్చీల పక్కకు. ఆమె మాత్రం ఆ కిటికీ దగ్గరే విచారణ సీట్లో ఉంది.

జీవితమంతా నిచ్చెనలెక్కిన మోకాళ్లు కదా, నా రెండూ ఒకేసారి మొరాయించాయి. ఆ మధ్య నా కోడలు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. వాలు మీద కర్ర ఊతంగా మెల్లగా ఎక్కాను. ఆ వాలు కట్టిన రోజు, ఇది ఎవరికి పనికొస్తుందిలే అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

కిటికీ లోంచి ఆమె చూసింది. జుట్టు నెరిసింది, గొంతు నెరవలేదు.

"ఏమన్నా, నిచ్చెన యాడ? కర్ర పట్టుకొచ్చినావే!"

"మోకాళ్లు పాపా. డాక్టరు ఉండాడా?"

"ఏదో కేసు చూసేదానికి పై వార్డుకు పోయినాడు. నువ్వు కూర్చో." చక్రాల కుర్చీ ఒకటి నా వైపు తోయించింది. నేను వద్దన్నాను. నడవగలను అన్నాను. "నువ్వు నడవగలవని నాకు తెలుసులే అన్నా. నొప్పి లేకుండా కూర్చో" అంది. అప్పుడు కూర్చున్నాను.

ఫోనెత్తింది. "సార్, మన భాయ్ వచ్చినాడు. మోకాళ్ల నొప్పి. అవును సార్, ఆ రోజు బోర్డు దించిన భాయే."

అవతల ఏమన్నారో నాకు వినపడలేదు. కాసేపటికి మెట్ల మీద బూట్ల చప్పుడయింది. డాక్టరు గబగబా దిగి వస్తున్నాడు.